పోయింది, పడింది, ఆగింది

మంట కొంచెం ఎగదొయ్యి అబ్బయా. ఆ సర్వి మొద్దు పచ్చిగా ఉండాది, పొగే గానీ సెగ రావడం లా. అమ్మణ్ణీ, నువ్వు గాలివాటానికి కూర్చోబాక, కళ్ళు మండతాయి. ఇట్టా నా పక్కకి రా.

భోగి మంటకి పాత సామాన్లు దించమంటే మీ నాయన అటక మీద నించి నా పద్దు పుస్తకం కూడా దించేసినాడు. దానికి చుట్టిన ఎర్రగుడ్డ చూసి గుర్తుపట్టినా కాబట్టి సరిపోయింది, లేకుంటే ఈపాటికి బూడిదే. మూడు పుస్తకాలు కలిపి దబ్బనంతో కుట్టుకున్నది ఇది. ముందు నించి తిప్పితే మన టీ హోటలు బాకీలు: ఎవురు ఎన్ని టీలు తాగినారు, ఎన్ని బన్నులు తిన్నారు. తిరగేసి వెనక నించి తిప్పితే రాకెట్లు. తేదీ, టైము, దాని పక్కన ఒక్క మాట. పోయింది, పడింది, ఆగింది. ఆ మూడు మాటలతోనే దగ్గర దగ్గర యాభై ఏళ్ళు నడిపినా.

నీ ఫోను ఇప్పుడు సెకన్లతో సహా చెప్తుంది గదా, రాకెట్టు లేవను ఇంకెన్ని గంటలుండాది, ఎన్ని నిమిషాలుండాది అని. మాకు యాడుంది ఆ భాగ్యం. సూళ్ళూరుపేట బస్టాండు కాడ టీ కొట్టు పెట్టుకున్నోడికి అన్నీ ఆనవాళ్ళే. రాత్రి షిఫ్టు బస్సులు పెరిగినాయా, తెల్లారుజామున పాలు రెండు క్యాన్లు ఎక్కువ పట్టుకున్నామా, జాలరోళ్ళని ఫలానా రోజు సముద్రంలోకి పోబాకండని చెప్పినారా, అయితే వారంలో ఏదో లేస్తుంది. ఇంకో ఆనవాలు, ఇది తప్పేది కాదు: షార్, అదే శ్రీహరికోట రాకెట్ల కేంద్రం, ఆడి పెద్దసార్లు రాకెట్టు నమూనా పట్టుకోని తిరుమల కొండకి పోతారు, మన చెంగాళమ్మ గుడికొచ్చి దండం పెట్టుకుంటారు. అమ్మోరి గుడి కాడ తెల్లకార్లు వరసగా ఆగినాయంటే నేను డికాషను రెండింతలు పెట్టేసేవాడిని.

రాకెట్లు రాకముందు శ్రీహరికోట అంటే మా నాయనకి తెలిసింది కట్టెలు. ఆ దీవిలో అడివి కొట్టి పడవల్లో బకింగ్‌హాం కాలవెంట మద్రాసుకి పంపేవాళ్ళు. మద్రాసులో ఎంతమంది పొయ్యిలు ఆ కట్టెలతో మండినాయో! అడివినే నమ్ముకోని యానాదులు ఉండేవాళ్ళు. 1969లో రాకెట్ల కోసం ఆ చోటు ఎంచుకున్నారు. వాళ్ళ గుడిసెలు లేచిపోయినాయి. దేశానికి ఎంత మంచి జరిగినా, ఆ మాట కూడా చెప్పుకోవాల. మన కొట్టుకి నీళ్ళు పోసే ముసిలామె ఒకామె ఉండేది, రాకెట్టు లేచినప్పుడల్లా అందరూ ఆకాశం వైపు చూస్తే ఆమె మాత్రం పులికాట్ చెరువు అవతలికి, దీవి వైపే చూసేది.

ఎందుకు ఆ దీవే అంటే, తూర్పున అంతా సముద్రం. ఏది ఊడిపడినా నీళ్ళలోనే పడుతుంది. భూమి కూడా తూర్పుకే తిరగతా ఉండాది గదా, ఆ ఊపు కొంత ఊరికే కలిసొస్తుంది. ఇది నాకు టీ తాగతా ఒక సారు చెప్పినాడు, బల్ల మీద చల్లారిన టీలో వేలు ముంచి బొమ్మ గీసి మరీ చెప్పినాడు.

మొట్టమొదట లేచింది 1971 అక్టోబరు 9న. రోహిణి అనే చిన్న రాకెట్టు, పైన గాలి సంగతి కనుక్కోను. అప్పటికి నాకు పదహైదేళ్ళు. అది నా పుస్తకంలో లేదు, మా నాయన నోట విన్నదే. 1975 ఏప్రిల్ 19న మన ఉపగ్రహం ఆర్యభట్ట రష్యాలో లేచింది. 360 కిలోలు. లేచింది అక్కడే గానీ, దాని మాట విన్న చెవుల్లో ఒకటి మన శ్రీహరికోటది. కొద్ది రోజులకే దాని లోపల కరెంటు తేడా చేసి ప్రయోగాలు ఆగిపోయినాయి. ఇదీ నా పుస్తకంలో లేదు. నా పుస్తకం మొదలైంది 1979లో, అదీ పైకి పోయిన దాంతో కాదు, పైనించి పడిన దాంతో.

స్కైలాబ్. పేరు విన్నావా? సినిమా కూడా వచ్చిందంటలే మొన్నామధ్య. అమెరికావాళ్ళు 1973 మే 14న పైకి పంపిన ఇల్లు అది. డెబ్బై టన్నుల పైమాట. ముగ్గురు ముగ్గురు చొప్పున మూడు జట్లు పోయి కాపురం ఉండొచ్చినారు. ఆఖరోళ్ళు 84 రోజులు ఉండినారు. ఆ తర్వాత తాళం వేసిన ఇల్లే. పైకి ఎగదోసి నిలబెడదామనుకున్నారు గానీ, ఎగదొయ్యాల్సిన షటిల్ అనే అంతరిక్ష నౌక తయారుకాలా. ఈ లోపల సూర్యుడు వీళ్ళ లెక్కకి మించి రేగినాడు. ఆ వేడికి పైనున్న పల్చటి గాలి ఉబ్బి, ఇంటిని పట్టుకోని కిందికి గుంజింది.

యాడ పడుతుందో ఎవురికీ తెలీదు. అదే అసలు భయం. రేడియోలో రోజూ చెప్తానే ఉండారు, చెప్పే కొద్దీ భయం ఎక్కువైంది. మన తెలుగుదేశం నెత్తినే పడుతుందని ఎవుడు పుట్టించినాడో గానీ, ఊళ్ళకి ఊళ్ళు నమ్మినాయి. కరీంనగర్ వైపు అయితే మేకలు కోసుకోని, ఉన్నది తినేసి, తాగేసి, బంధువులని పిలిపించుకోని ఏడ్చుకున్నారంట. మన పక్క కూడా తక్కువేం కాదు. మా పెదనాయన పందేనికి పెంచుకున్న పుంజుని కోయించినాడు. నెలరోజులుగా బాదంపప్పులు పెట్టి పెంచిన పుంజు అది! తెల్లారి లేచి చూస్తే, ఆకాశం ఉన్న చోటే ఉండాది, పుంజు లేదు. మూడు రోజులు మా పెదమ్మతో మాట్లాడలా, ఆమేదో కోసినట్టు.

ఇదిగో, ఈ పేజీ చూడు. ముందు వైపుది. 11-7-79. పదకొండు బజ్జీలు, నాలుగు టీలు, ఒక ప్యాకెట్టు సిగరెట్లు. ఒకాయన, పేరెందుకులే, దర్జాగా బెంచీ మీద కూర్చోని తిన్నాడు. డబ్బులడిగితే, “రేపుంటే ఇస్తాలేరా” అన్నాడు. ఆ రాత్రి పదిగంటలు దాటినాక హిందూ మహాసముద్రం మీదా, పశ్చిమ ఆస్ట్రేలియా మీదా ముక్కలై పడింది స్కైలాబ్. అక్కడ ఎస్పెరాన్స్ అనే ఊరి వాళ్ళు, మా ఊళ్ళో చెత్త పోసినారని నాసాకి 400 డాలర్లు జరిమానా వేసినారు. నవ్వులాటకేలే. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది, బజ్జీల డబ్బులు మాత్రం రాలా.

ఆ రాత్రి బెంచీ మీద పడుకోని ఆకాశం చూస్తా చూస్తా పుస్తకం తిరగేసి వెనక పేజీలో రాసినా: “స్కైలాబ్, 11-7-79, పడింది.” అదీ నాంది.

నెల తిరక్కుండానే మనది లేచింది. ఎస్సెల్వీ-3. 1979 ఆగస్టు 10, పొద్దున ఎనిమిది కావస్తుండాది. 17 టన్నుల రాకెట్టు, ఎత్తు 22 మీటర్లు. ఇప్పటోటితో పోలిస్తే పిల్లకాయ. మిద్దె మీద నిలబడి చూసినాం. చెరువు అవతల ఒక నిప్పుకణిక లేచింది, తెల్ల దారం ఒకటి వెనకే సాగింది. చప్పుడు లేదు. అదేంది చప్పుడు లేదేందని మా నాయన అంటుండగానే వచ్చింది మోత. గూట్లో ఇత్తడి చెంబులు గలగలమన్నాయి, గోడకున్న క్యాలెండరు ఊగింది. దాన్ని నేను ఆ తర్వాత లెక్కగట్టినా. ఈడ నించి ప్రయోగం చోటు నేరుగా ఇరవై కిలోమీటర్ల పైమాట. మోత కిలోమీటరు నడవను మూడు సెకన్లు పడుతుంది. నిప్పు కనపడినాక ఒకటి నించి అరవై దాకా నిదానంగా లెక్కబెడితే, ఇంక వస్తుందనగా చెంబులు చెప్తాయి. మీ జేజి కాపరానికొచ్చిన కొత్తల్లో నిప్పు చూసేది కాదు, చెంబులు పట్టుకోను వంటింట్లోకి పరిగెత్తేది.

సరే, దారం సాగింది, కనుమరుగైంది. నేను కిందికి దిగి “ఎస్సెల్వీ, 10-8-79, పోయింది” అని రాసుకున్నా. సాయంకాలానికి తెలిసింది, సముద్రంలో పడిందని. రెండో అంతస్తుని తిప్పే యంత్రంలో ఒక కవాటం కారి, ఆమ్లం అంతా ముందే పోయింది. 317 సెకన్లకి, 560 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో మునిగింది. ఆ రాకెట్టు పని నడిపించిన కలాం గారు, ఇస్రో పెద్ద ధవన్ గారు ఆ రోజు ఎట్టా నడుచుకున్నారో పుస్తకాల్లో చదివే ఉంటావు, నేను మళ్ళీ చెప్పను.

పుస్తకం తీసినా, కొట్టేసి “పడింది” అని రాద్దామని. పెన్సిలు ఆగిపోయింది. “పోయింది” అంటే మనకి రెండూనూ గదా. రైలు పోయింది అంటే కదిలిపోయిందని, ఉంగరం పోయింది అంటే ఇక లేదని. కొట్టెయ్యాల్సిన పనేముంది? అట్టనే ఉంచేసినా. చూడు, ఆ పక్కన చిన్న చుక్క పెట్టినా, అంతే.

మరుసటి యేడు, 1980 జులై 18, పొద్దున 8 గంటల 3 నిమిషాలు. అదే రాకెట్టు, 35 కిలోల రోహిణి ఉపగ్రహం. ఇది చుక్క అక్కర్లేని పోయింది. ఆ రోజు కొట్టులో టీ ఊరికే పోసినా, మా నాయన తిట్టినాడు.

తర్వాత పేజీలు తొందరగా తిప్పేద్దాం. ఏయెస్సెల్వీ 1987 మార్చిలో చుక్క, 1988 జులైలో చుక్క. పీయెస్సెల్వీ మొదటిది 1993 సెప్టెంబరు 20, అదీ చుక్కే. 1994 అక్టోబరు 15 నించి అది గాడిలో పడింది, ఇంక దాన్ని ఆపినోడు లేడనుకున్నాం చాలా కాలం. 2017 ఫిబ్రవరి 15న ఒక్క రాకెట్టులో 104 ఉపగ్రహాలు. ఆ రోజు గళ్ళు సరిపోక “వంద పైన” అని రాసిపెట్టినా.

నాకు బో ఇష్టమైన పేజీలు అవి కాదు. “ఆగింది” అని రాసినవి.

2001 మార్చి 28. జీయెస్సెల్వీ మొదటిది. నిప్పు కనపడింది, పొగ లేచింది. నేను ఒకటి, రెండు అని మొదలెట్టినా. ఏదీ, పైకి రాదే! అరవై అయింది, డెబ్బై అయింది, చెంబులు కదల్లా. పక్కనుండే ఇంజన్లలో ఒకటి సరిపడా బలం పుంజుకోలేదని కంప్యూటరు చూసి, లేవబోయే ముందు అన్నిటినీ ఆర్పేసింది. అంత నిప్పుని రాజేసి మళ్ళీ ఆర్పడం అంటే మాటలా? మీ జేజి పాలు పొంగబోతుంటే పొయ్యి తగ్గించినట్టు. ఏప్రిల్ 18న అదే రాకెట్టు మళ్ళీ లేచింది.

2013లో మంగళయాన్ అక్టోబరు 28 అన్నారు. నేను పెన్సిలుతో రాసుకున్నా. ఆగింది. ఎందుకో తెలుసా? ఓడ రాలేదని! ఊరు దాటిన బస్సుని తర్వాత ఊరి వాళ్ళు చూసి ఫోను చేసి చెప్పాల గదా, రాకెట్టు సంగతీ అంతే. మన కంటికి కనపడకుండా పోయినాక పోర్ట్ బ్లెయిర్‌లో ఒకరు, బ్రూనైలో ఒకరు, ఇండోనేషియాలో బియాక్ అనే చోట ఒకరు చెవి పెట్టి వింటా ఉంటారు. మంగళయాన్ దోవలో ఒక ముఖ్యమైన మలుపు పసిఫిక్ సముద్రం మీద పడింది. అక్కడ నేలే లేదు. అందుకని నలంద, యమున అని రెండు ఓడలని పంపినారు. నలంద గాలివానలో చిక్కుకోని ఫిజీ వైపుకి ఆలస్యంగా చేరింది. అంగారకుడి దాకా పొయ్యే రాకెట్టు, ఓడ కోసం వారం కాచుకోని నవంబరు 5 మధ్యాన్నం 2 గంటల 38 నిమిషాలకి లేచింది. ఈ సంగతి చెప్తే మన జాలరోళ్ళు ఎంత సంబరపడినారో!

2014 జూన్ 30న ఒకటి మూడు నిమిషాలు ఆలస్యంగా లేచింది. దోవలో ఎవురిదో పాత చెత్త అడ్డమొస్తుందని. చూసినావా, స్కైలాబ్ చుట్టాలు ఇంకా తిరగతానే ఉండారు. పంచాంగం పక్కన పెట్టుకోని నేను చానా సార్లు చూసినా, రాకెట్టు ముహూర్తానికీ మన ముహూర్తానికీ పొంతన కుదరదు. దానికి భూమి తిరుగుడు, చంద్రుడి చోటు, ఎండ యాడ పడతా ఉండాది, దోవలో చెత్త, మబ్బులో ఉరుము, ఇవన్నీ కలవాల. ఒక్కటి తప్పినా తాంబూలాలు వెనక్కే.

చంద్రయాన్-2 నీకు గుర్తుండాది గదా అబ్బయా? 2019 జులై 15, తెల్లారుజామున 2 గంటల 51 నిమిషాలు అన్నారు. నిన్ను దుప్పట్లో చుట్టుకోని మిద్దెక్కినా. ఇంకా 56 నిమిషాలుండగా ఆపేసినారు. నువ్వు ఏడ్చినావు. వారానికి, 22న మధ్యాన్నం లేచింది, అప్పుడు నువ్వు బళ్ళో ఉండావు. మళ్ళీ ఏడ్చినావు.

ఇంకొక్క పేజీ చెప్పి మనుషుల సంగతికి వస్తా. 2010 డిసెంబరు 25, సాయంకాలం నాలుగు దాటింది. జీయెస్సెల్వీ. క్రిస్మస్ సెలవని మిద్దెల మీద జనం. నిప్పు లేచింది, నేను లెక్క మొదలెట్టినా. నలభై ఏడో ఎనిమిదో అంటుండగా దారం వంకర పోయింది, ఒక్కసారిగా పువ్వు మాదిరి విచ్చుకుంది. పిల్లకాయలు కొందరు చప్పట్లు కొట్టినారు, టపాసు అనుకోని. పక్క ఇంజన్లకి ఆజ్ఞలు చేరేసే తీగల అతుకులు ఊడిపోయినాయంట. అదుపు తప్పినది ఒత్తిడికి తట్టుకోలేక విరిగిపోయింది, ఆ పైన జనం మీదికి రానీకుండా పేల్చేసే ఆజ్ఞ కూడా ఇచ్చినారు. ఆకాశంలో ముక్కలు రాలతా ఉండాయి. అప్పుడు వచ్చింది మోత. అది లేచినప్పటి మోత, అబ్బయా. చెంబులు గలగలమన్నాయి. మా చెవిన పడేసరికి ఆ రాకెట్టే లేదు.

ఆ రోజు మూడు మాటల్లో ఏదీ రాయబుద్ధి కాలా. తేదీ మాత్రం ఉండాది చూడు.

ఇంక మనుషులు. వీటికి వేరే పేజీలు పెట్టినా. వీటికి ఒక గడి చాలదు, రెండు కావాల. మనిషి గడప దాటేటప్పుడు “పోతా” అనకూడదు గదా. మీ జేజి ఊరుకుంటుందా? “పొయ్యొస్తా” అనాల. అందుకని మొదటి గడిలో “పొయ్యొస్తా” అని రాసి తేదీ వేస్తా. రెండో గడిలో “వచ్చినారు” అని.

మొదటి పేరు రాకేశ్ శర్మ. 1984 ఏప్రిల్ 3, బైకనూర్ నించి, ఇద్దరు రష్యావాళ్ళతో. ఏప్రిల్ 11, వచ్చినారు. ఎనిమిది రోజులు కొట్టులో ఇదే మాట. పైన ఏం తింటాడు, ఎట్టా నిద్రపోతాడు, కిందికి ఎట్టా దిగుతాడు.

శిరీష బండ్ల, మన ఆంధ్రాలో పుట్టిన పిల్ల. 2021 జులై 11. ఒకే రోజు పోయింది, ఒకే రోజు వచ్చింది, రెండు గళ్ళలోనూ ఒకటే తేదీ. జులై 11 అంటే ఏంది? స్కైలాబ్ పడిన రోజు! నేను తప్ప ఇంకెవురూ పట్టించుకున్నట్టు లేరు. అదే యేడు నవంబరులో రాజాచారి, వాళ్ళ నాయనది మన హైదరాబాదే. ఆరు నెలలు ఉండి 2022 మే 6న దిగినాడు. శుభాంశు శుక్లా పేజీ చూడు, ఎట్టా గీతలు పడినాయో. మే 29 అన్నారు, జూన్ 8 అన్నారు, 10, 11, 19, 22. రాకెట్టులో ఆక్సిజన్ కారిందని ఒకసారి, పైన స్టేషన్లో గాలి కారతా ఉందని ఒకసారి. రబ్బరుతో తుడిచి తుడిచి కాయితం చిల్లుపడింది. జూన్ 25న పోయినాడు, జులై 15న వచ్చినాడు. ఆ “వచ్చినాడు” పెన్సిలుతో కాదు, పెన్నుతో రాసినా.

ఈ పేజీ నేను తిప్పను. నువ్వే తిప్పు. కల్పనా చావ్లా. 2003 జనవరి 16, పొయ్యొస్తా. ఏడుగురు. లేచిన నిమిషంన్నర లోపలే ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి తగిలింది. పదహారు రోజులు ఆ దెబ్బతోనే తిరిగినారు. ఫిబ్రవరి 1, శనివారం. మనకి సాయంకాలం ఏడున్నర దాటుతుండాది, కొట్టులో టీవీ పెట్టుకోని కూర్చున్నాం. నేలకి దిగను ఇంక పదహారు నిమిషాలు. రెండో గడిలో రాద్దామని పెన్సిలు చెవిలో పెట్టుకోనే ఉండా. వాళ్ళెక్కిన షటిల్ కొలంబియా తెల్లటి చారలై టెక్సాస్ మీద రాలింది. ఆ గడి అట్టనే ఉండాది.

అమ్మణ్ణీ, ఏడవబాక. పొగకా? సరే, పొగకే.

ఇది ఆఖరి పేజీ. 2023 అక్టోబరు 21, మనోళ్ళని పైకి పంపే గగనయాన్‌కి పరీక్ష, మనుషులు లేకుండా. ఎనిమిదింటికి అన్నారు, జరుపుకుంటా వచ్చినారు, అయిదు సెకన్లుండగా కంప్యూటరు ఆపేసింది. పదింటికి లేచింది. ఒకే వరసలో ఆగింది, పోయింది రెండూ రాసిన రోజు అదొక్కటే. మనుషులు కూర్చోవాల్సిన డబ్బా గొడుగులేసుకోని సముద్రంలో దిగితే నేవీవాళ్ళు పట్టుకొచ్చినారు. “వచ్చింది” అని కూడా రాసినా.

దాని కింద గీత కొట్టి రెండు గళ్ళు గీసినా. మన చెరువు అవతల నించే మనోళ్ళు ఎక్కి పొయ్యే రోజుకి. 2022 అన్నారు మొదట, తుడిచినా. ఆ తర్వాత ఇంకెన్ని తుడిచినానో. ఇప్పుడు తేదీ వెయ్యకుండా ఖాళీగానే పెట్టినా. నాకు డెబ్బై నిండినాయి. ఇదిగో, పెన్సిలు నీ కాడే పెట్టుకో. నేనున్నా లేకున్నా మొదటి గడి నింపి మిద్దె దిగొచ్చి నిద్రపోబాక, రెండో గడి నిండినాకే దీపం ఆర్పు.